రోగమొచ్చి చేపలన్నీ పోయిన ట్యాంకును మళ్ళీ వాడొచ్చా? ఎలా కడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. రెండడుగుల ట్యాంకు, 60 లీటర్లు పడుతుంది. మోలీలు, గప్పీలు, ఒక జత గౌరామీలు, ఒక సక్కర్ (అద్దానికి అంటుకుని పాచి తినే చేప) ఉండేవి. పోయిన నెల ఒంటి మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి, పది రోజుల్లో సక్కర్ తప్ప అన్నీ పోయాయి. ఇప్పుడు ట్యాంకు ఖాళీగా ఉంది, సక్కర్ బకెట్‌లో ఉంది. షాపాయన ఉప్పు నీళ్ళతో కడిగితే చాలన్నాడు. మీ ఫ్రెండ్ ఫార్మాలిన్ కొట్టమన్నాడు. మీ నాన్నగారేమో నాలుగు రోజులు ఎండలో పడేయమన్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

సగం మార్కులు మీ నాన్నగారికే. మిగతా ఇద్దరికీ సున్నా.

అయితే చివర్లో మాటవరసకు ఒక ముక్క రాశారు చూడండి, "అంతకు రెండు నెలల ముందు ఒక గౌరామి తింటూనే చిక్కిపోయి, వెన్ను వంగి, పక్కన పుండు పడి చచ్చిపోయింది" అని. నా జవాబంతా ఆ ఒక్క ముక్క దగ్గర మారిపోయింది. అది లేకపోతే నాలుగు లైన్లలో ముగించేవాణ్ణి.

సూటిగా చెప్తే: ట్యాంకు అద్దం, హీటరు, ఫిల్టరు బాడీ, మోటారు మళ్ళీ వాడుకోవచ్చు. స్పాంజి, రాళ్ళు, గాలి గొట్టం, ఎయిర్‌స్టోన్, వల, చెక్క దుంగ పారేయండి. వాడుకునేవాటిని ముందు బాగా రుద్ది కడగండి. తర్వాత గంటసేపు బ్లీచ్ నీళ్ళలో ఉంచండి. ఆ బ్లీచ్ పూర్తిగా పోయేలా కడిగి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక 70% స్పిరిట్‌తో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి, ఇంకో వారం పొడిగా వదిలేయండి. వరుస మార్చకండి. మొదటి నుంచి చివరి దాకా చేతులకు రబ్బరు గ్లౌజులు ఉండాలి.

ఇక ఎందుకో చెప్తాను.

తెల్ల చుక్కల రోగం, అదే ఇక్, ఒక పరాన్నజీవి వల్ల వస్తుంది. చేప చర్మం కింద పెరుగుతుంది, బలిశాక రాలి అడుగున రాళ్ళకో అద్దానికో అంటుకుంటుంది, అక్కడ వందల పిల్లలుగా విడిపోయి మళ్ళీ చేపను వెతుక్కుంటుంది. ఆ ఈదే పిల్లలకు చేప దొరకకపోతే మన వెచ్చటి నీళ్ళలో రెండు రోజులకు మించి బతకవు. ఎండితే ఏ దశలో ఉన్నా చస్తాయి. అందుకే ఇక్ ఒక్కటే అయితే ట్యాంకు, సామాను వారం రోజులు ఎముకలా ఎండబెడితే చాలు, ఏ మందూ అక్కర్లేదు. మీ నాన్నగారికి మార్కులిచ్చింది ఇందుకే.

(మాది భీమవరం. ఇక్కడ "వైట్ స్పాట్ వచ్చింది" అని ఎవరితోనైనా అంటే ఎన్ని ఎకరాల చెరువు అని అడుగుతారు. రొయ్యల వైట్ స్పాట్ వైరస్, దీనికీ దానికీ సంబంధం లేదు. రొయ్యల మందుల షాపుకెళ్ళి వైట్ స్పాట్‌కి ఏదైనా ఇవ్వమంటే మీకు పనికిరానిది చేతిలో పెడతారు. మా బావమరిది రొయ్యల రైతే, నా ట్యాంకులో చేపలకు చుక్కలొచ్చాయంటే వారం రోజులు తన చెరువు గట్టు ఎక్కనివ్వలేదు.)

ఇప్పుడు ఆ గౌరామి సంగతి. తింటున్నా చిక్కిపోవడం, వెన్ను వంకర, మానని పుండు, నెలల తరబడి ఒక్కొక్కటిగా పోవడం, ఇవన్నీ కలిస్తే నా అనుమానం చేపల టీబీ మీదకు పోతుంది. మైకోబాక్టీరియం మారినం అనే బాక్టీరియా, దాని చుట్టాలు చేసే పని. మీ గౌరామికి అదే వచ్చిందని నేను అనట్లేదు. కడుపులో పురుగులున్నా చేప చిక్కుతుంది, ముసలిదైనా చిక్కుతుంది. మైక్రోస్కోపు కింద ప్రత్యేకమైన రంగు వేసి చూస్తే తప్ప ఎవరూ తేల్చలేరు. కానీ ట్యాంకు కడిగేటప్పుడు నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే: ఏ రోగమో తెలియకపోతే అన్నిటికంటే మొండిదే అనుకుని కడగాలి. ఈ బాక్టీరియా నిజంగా మొండిది. దాని ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది. మనం మామూలుగా వాడే మోతాదు బ్లీచ్‌కి త్వరగా లొంగదు, పర్మాంగనేట్‌కి లొంగదు, ఎండబెట్టినంత మాత్రాన చచ్చిందని నమ్మకం లేదు. 70% ఆల్కహాల్‌కి మాత్రం నిమిషాల్లో చస్తుంది. బ్లీచ్ తర్వాత స్పిరిట్ అని రెండో మెట్టు పెట్టింది దీనికోసమే.

గ్లౌజులు కూడా దీనికోసమే. ఇది మనుషుల ఊపిరితిత్తుల టీబీ కాదు, దగ్గితే అంటుకునేది కాదు. చేతి మీద గీరుకున్నచోట దూరుతుంది. మా ఊళ్ళో అక్వేరియం షాపులో పనిచేసే కుర్రాడికి చూపుడువేలి కణుపు మీద చిన్న బొడిపె లేచింది. పులిపిరి అనుకుని రెండు నెలలు ఏవేవో పూశాడు. దాని పైన మణికట్టు వైపు ఇంకో రెండు వరసగా లేచాక చర్మం డాక్టరు దగ్గరకెళ్తే, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "చేపల పని చేస్తావా?" అని. నెలల తరబడి యాంటీబయాటిక్స్ మింగాడు. మీకూ ట్యాంకు కడిగిన కొన్ని వారాలకు చేతి మీద మానని బొడిపె వస్తే, డాక్టరుకు అక్వేరియం ఉందని మీరే ముందు చెప్పండి. ఇంట్లో షుగరు అదుపులో లేనివాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు ఉంటే ఈ పని వాళ్ళతో చేయించకండి. నీళ్ళు తోడటానికి గొట్టాన్ని నోటితో పీల్చే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

రుద్దడం ముందు, మందు తర్వాత. మందు మీద పెట్టే శ్రద్ధ రుద్దడం మీద ఎవరూ పెట్టరు, అదే నాకు విసుగు. బ్లీచ్‌లోని క్లోరిన్‌కి రోగక్రిమి ఏదో, కుళ్ళిన తిండి ఏదో తేడా తెలియదు, ముందు ఏది తగిలితే దాని మీద ఖర్చయిపోతుంది. జిగట పొర ఉన్న అద్దం మీద బ్లీచ్ పోస్తే పైపొర తెల్లబడుతుంది, కిందున్నది హాయిగా ఉంటుంది. వేలితో అద్దం రాస్తే కీచుమనాలి, అప్పటిదాకా రుద్దండి. నీటి గీత దగ్గర తెల్లటి గార కడుతుంది కదా, దాని వెనక ఏదైనా దాక్కోవచ్చు. నిమ్మ ఉప్పు నీళ్ళలో గుడ్డ తడిపి అరగంట దాని మీద అంటించి ఉంచితే మెత్తబడుతుంది, అప్పుడు బ్లేడుతో గీకండి. సిలికాన్ అతుకుల మీద మాత్రం బ్లేడు పెట్టకండి, పాత టూత్‌బ్రష్ చాలు. నిమ్మ ఉప్పు వాడాక రెండు మూడుసార్లు శుభ్రంగా కడిగాకే బ్లీచ్ దగ్గరకు పోవాలి. బ్లీచ్‌లో పులుపు గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ, అమోనియా ఉన్నది గానీ, స్పిరిట్ గానీ కలవకూడదు. ఆసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకు తెస్తుంది. సబ్బు, డిష్‌వాష్ లిక్విడ్ ఈ పనికి వద్దు, ఎంత కడిగినా ఎక్కడో కొంచెం మిగులుతుంది.

బ్లీచ్ మోతాదు. వాసన లేని, రంగు లేని, నురగ రాని మామూలు హైపోక్లోరైట్ ద్రావణం తీసుకోండి. సీసా మీద 4% అని ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేస్తే 200 పీపీఎం (లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరిన్) వస్తుంది. వలలకు, తొట్లకు చేపల పెంపకంలో వాడే మామూలు లెక్క అది, గంటసేపు. నేను దానికి రెట్టింపు, లీటరుకు 10 మి.లీ. వేస్తాను. మీ 60 లీటర్లకు 600 మి.లీ. ఎందుకు రెట్టింపు అంటే మన ఎండలకు సీసాలోనే బ్లీచ్ చస్తుంది, షాపు అటక మీద ఎన్నాళ్ళు మగ్గిందో మనకు తెలియదు. తయారైన తేదీ చూసి కొత్తది కొనండి.

బ్లీచింగ్ పౌడరు దొరికితే అదీ పనికొస్తుంది. 30% క్లోరిన్ ఉన్నదైతే లీటరుకు గ్రాము వేస్తే 300 పీపీఎం. తిన్నగా ట్యాంకులో మాత్రం వేయకండి. విడిగా ప్లాస్టిక్ బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం వంచుకోండి, లేకపోతే ఆ సున్నం ఫిల్టరు మోటారులో పేరుకుంటుంది. పొడి గడ్డ కట్టి, మూత తీస్తే ముక్కు అదరకపోతే అది చచ్చిన పౌడరు.

ట్యాంకును అంచు దాకా నింపండి, మూత లోపలి వైపు కూడా అదే నీటితో తుడవండి. నీటి తుంపర ఎగిరి ఎండిపోయేది అక్కడే. ఫిల్టరును స్పాంజి తీసేసి ఆ బ్లీచ్ నీళ్ళలోనే గంటసేపు నడపండి, లోపలి గొట్టాల్లోకి కూడా మందు పోతుంది. దానికి ముందు మోటారు ఇంపెల్లర్‌ను బయటకు లాగండి. చాలామంది దాన్ని తీయవచ్చనే ఎరగరు. కింద చిన్న మూత తిప్పితే అయస్కాంతం, దానికి రెక్కలు బయటకొస్తాయి. అది తిరిగే గుంటలో కాటుక లాంటి నల్లటి పేస్టు ఉంటుంది. ఇయర్‌బడ్స్‌తో తీయండి, నాలుగైదు పడతాయి. తర్వాత ఇంపెల్లర్‌ను తిరిగి పెట్టి నడపండి. ఒకసారి నేను ట్యాంకంతా కడిగి ఈ గుంట మర్చిపోయాను. కొత్త చేపలు వేసి స్విచ్ వేయగానే నల్లటి పెళ్ళలు అద్దం నిండా తిరిగాయి. ఆ రోజు చేపలను మళ్ళీ బకెట్‌కి మార్చి మొత్తం పని మొదటి నుంచి చేశాను.

హీటరును మరిగించకండి, గాజు పగులుతుంది. ప్లగ్గు తీసి చల్లారాక బ్లీచ్ గుడ్డతో, తర్వాత స్పిరిట్‌తో తుడవండి. దాని రబ్బరు చూషకాలు పది రూపాయల వస్తువు, మార్చేయండి. గాలి పంపు నీటి పైనే ఉంటుంది కాబట్టి బయట తుడిస్తే చాలు. ఫిల్టరులో వేసే సెరామిక్ రింగులు దాచుకోవాలనిపిస్తుంది, తెలుసు, ఖరీదు. ఇక్ ఒక్కటే అయితే ఉడకబెట్టి వాడుకోండి అనేవాణ్ణి. టీబీ అనుమానం ఉన్నప్పుడు మాత్రం అన్ని రంధ్రాలున్నదాన్ని నేను నమ్మను. చెక్క దుంగ అయితే బ్లీచ్ పీల్చుకుని వారాల తరబడి కక్కుతూనే ఉంటుంది.

గంట అయ్యాక నీళ్ళు బాత్రూమ్ డ్రైన్‌లోకి వదిలేయండి. రెండుసార్లు కడిగి, మళ్ళీ నింపి, హైపో 10 గ్రాములు కరిగించి వేయండి. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్, ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో ఫిల్ములు కడగడానికి వాడిన స్ఫటికాలే. కెమికల్ షాపుల్లో కిలో లెక్కన చవగ్గా దొరుకుతుంది. చేపల షాపులో చిన్న సీసాలో యాంటీ క్లోరిన్ అని అమ్మేది చాలావరకు ఇదే. గ్రాము క్లోరిన్‌ను చంపడానికి సుమారు ఏడు గ్రాముల హైపో పడుతుంది, కాబట్టి బలమైన బ్లీచ్ నీళ్ళలోనే గుమ్మరించి డబ్బు తగలేయకుండా ముందు పారబోసి కడగండి. రాత్రంతా ఉంచి పొద్దున పారబోయండి. అనుమానముంటే పంచాయతీ నీళ్ళ మనుషులు క్లోరోస్కోప్‌లో చుక్కలు వేసి పసుపు రంగు చూస్తారే, ఆ పరీక్ష చేయండి. పసుపు కనపడకూడదు.

తర్వాత పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు స్పిరిట్. మెడికల్ షాపులో 70% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. 99% కొంటే ఇంకా మంచిది అనుకోకండి, క్రిమి లోపలికి దూరాలంటే అందులో కొంత నీరు ఉండాలి, 70 శాతమే బాగా పనిచేస్తుంది. శానిటైజర్ జెల్ వద్దు, జిడ్డు మిగులుతుంది. అద్దం తడిగా ఉంటే స్పిరిట్ పలచబడుతుంది, అందుకే ఆరాక అన్నాను. పైపైన తుడిచేస్తే క్షణంలో ఆవిరైపోతుంది. టిష్యూ పేపర్లు తడిపి మూలలకు, సిలికాన్ అతుకులకు అంటించి, ఐదారు నిమిషాలు తడిగానే ఉండేలా మధ్యమధ్య చల్లండి. కిటికీలు తెరవండి, స్టవ్, దేవుడి దీపం, అగరుబత్తి ఏదీ వెలిగి ఉండకూడదు. మీది అద్దం ట్యాంకు కాబట్టి సరిపోయింది. యాక్రిలిక్ అయితే స్పిరిట్‌కి సన్నటి పగుళ్ళు వస్తాయి.

ఎండలో పెట్టడం మంచిదే, కానీ అడుగున థర్మోకోల్ వేసి చదునైన చోట పెట్టండి. మే నెలలో మేడ మీద నుంచి దించిన ట్యాంకులో అప్పుడే బోరు నీళ్ళు పోసి "టక్" మన్న చప్పుడు విన్నాను నేను. అద్దం అడ్డంగా చీలింది.

మిగతా సలహాల సంగతి. ఉప్పు నీళ్ళు రుద్దడానికి పనికొస్తాయి, టీబీకి అది మందు కాదు. ఫార్మాలిన్ హాచరీల్లో వాడతారు నిజమే, వాళ్ళకు గాలాడే షెడ్డు ఉంటుంది. క్యాన్సర్ తెచ్చే రసాయనం అది, ఫ్లాట్‌లో మూత తీయకండి. దాన్ని పర్మాంగనేట్‌తో కలిపితే ఒక్కసారిగా పొంగి పొగ లేస్తుంది, ఆ ఆట అసలు ఆడకండి. డెట్టాల్, ఫినాయిల్ చేపలకు విషం.

ఇప్పుడు వల. వల పారేయమన్నానని నవ్వుకున్నారేమో. చాలా ఏళ్ళ కిందట ఊరు మారుతున్న ఒకాయన దగ్గర మూడడుగుల పాత ట్యాంకు కొన్నాను. పైన చెప్పినట్టే కడిగాను, వారం ఎండబెట్టాను, నెల నడిపాను, మోలీలు వేశాను. ఐదో రోజు తోక మీద రెండు చుక్కలు. బ్లీచ్ సీసాను తిట్టుకున్నాను, ట్యాంకు అమ్మినాయన్ను తిట్టుకున్నాను. రెండు రోజుల తర్వాత గమనించింది ఏమిటంటే, వెనక గదిలో ప్లాటీల ట్యాంకుకు వాడే వలే ఇక్కడా వాడుతున్నాను. తలుపు వెనక మేకుకు తగిలించి, ఎప్పుడు చూసినా తడిగా. ఆ ప్లాటీల మొప్పల్లో రోగం నెమ్మదిగా ఉండనే ఉంది, పైకి ఒక్క చుక్క లేదు. మూడు నీటి చుక్కలు చాలు, ఇటు నుంచి అటు రావడానికి. ఇప్పుడు ప్రతి ట్యాంకుకూ విడి వల, విడి మగ్గు, విడి బకెట్. కలిసిపోకుండా పిడికి రంగు దారం కట్టాను, ఎర్రదారం వల ఎర్రదారం ట్యాంకు దాటి పోదు. మీ ఇంట్లో ఇంకో ట్యాంకు ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే దాని వల, బకెట్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

కడిగిన ట్యాంకులో చేపల మలినాన్ని శుద్ధి చేసే మంచి బాక్టీరియా కూడా ఒక్కటి మిగలదు. అవి మళ్ళీ పెరగడానికి, అంటే ట్యాంకు సైకిల్ అవడానికి, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొందరపడి పాత స్పాంజిని పిండి ఆ రసం పోయకండి, ఇంత కష్టమూ దండగ. కొత్త చేపలను నాలుగు వారాలు విడి తొట్లో చూసుకుని అప్పుడు దించండి.

చివరికి మీ సక్కర్. ప్రశ్నలో దాని గురించి ఒక్క మాటే ఉంది, "కడిగాక దాన్ని తిరిగి వేసేస్తాం" అని. వేయకండి. ట్యాంకును స్పిరిట్‌తో తుడవగలం, చేపను తుడవలేం. పైకి బాగున్నా ఆ రెండు రోగాలనూ అది మోస్తూ ఉండొచ్చు. నన్నడిగితే మీ ముందు రెండు దారులున్నాయి. సక్కర్ మీద మమకారం ఉంటే ఈ బ్లీచ్ పనంతా మానేసి, ట్యాంకు మామూలుగా కడిగి దానికే వదిలేయండి, వేరే ఏదీ వేయకండి, కొత్త చేపలకు కొత్త ట్యాంకు, కొత్త వల కొనండి. మీ శ్రమ, స్పిరిట్ ఖర్చు కలుపుకుంటే తేడా పెద్దగా ఉండదు. కాకపోతే అది అడుగు దాటి పెరిగే చేప, రెండడుగుల ట్యాంకు ఎన్నాళ్ళో చాలదు. లేదూ కొత్త చేపలే ముఖ్యం అనుకుంటే, సక్కర్‌కు విడిగా పెద్ద టబ్బు, విడి ఫిల్టరు పెట్టి ఇంకో గదిలో ఉంచండి. ఎవరికీ ఇవ్వకండి. దగ్గర్లో చెరువులోనో కాలువలోనో వదలడం మాత్రం వద్దండి. ఇప్పటికే మన నదుల్లో, చెరువుల్లో ఇవి ఎక్కువై జాలర్ల వలలు వీటి ముళ్ళకు చిరిగిపోతున్నాయి. దానికి తోడు మీ ట్యాంకు రోగం కూడా ఎందుకు.

సక్కర్ ఎన్ని అంగుళాలుంది, ఆ బకెట్‌లో గాలి పంపు ఉందా, నీళ్ళు ఎన్ని రోజులకు మారుస్తున్నారు, ఇవి రాయండి. చనిపోయిన గౌరామి ఫొటో ఫోన్‌లో ఉంటే అది కూడా పెట్టండి, పుండు ఎక్కడ పడిందో చూస్తాను.